బ్రేక్ లైటు వెలగలేదని జరిమానా: కొత్త బల్బు వేసినా రాత్రిపూట మసకే

మలుపు_చూపు:

వెనక ఎడమ వైపు బ్రేక్ లైటు వెలగట్లేదని పోలీసులు ఆపి జరిమానా రాశారు. కారు వివరాలు ఇవీ. బల్బు పి21/5డబ్ల్యూ, అంటే బ్రేకుకీ పార్కింగుకీ కలిపి ఒకటే. కొత్తది వేశాక పగలు బ్రేకు తొక్కితే బాగానే వెలుగుతోంది. రాత్రి హెడ్‌లైట్లు వేసి తొక్కితే ఆ వైపు మసకగా ఉంటోంది. పైగా అదే వైపు ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా దాంతోపాటు కొట్టుకుంటోంది. ఫ్యూజు బాగుంది. కుడి వైపుదీ, వెనక అద్దం దగ్గరి మూడో లైటూ సరిగ్గా వెలుగుతున్నాయి. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక ఏదీ లేదు.

హోల్డరు మార్చాలా, ల్యాంపు మొత్తం మార్చాలా, లేక వైరింగా? జరిమానా కాగితం సంగతి తెలిసినవాళ్లు అది కూడా చెప్పండి.

ఎర్త్_వైరు:

మీరు రాసిన లక్షణాలు చూస్తే లోపం ఎర్త్‌లో ఉంది. ముందు అక్కడ చూడండి, ఆ తర్వాతే మిగతావి.

ఆ వైపు ల్యాంపులో బ్రేకుకి 21 వాట్ల ఫిలమెంటు, పార్కింగుకి 5 వాట్లది, ఇండికేటరుకి ఇంకో 21 వాట్లది ఉంటాయి. వీటికి కరెంటు తెచ్చే వైర్లు వేరువేరు. తిరిగి బాడీకి పోయే ఎర్త్ వైరు మాత్రం మామూలుగా ఒక్కటే. పగలు బ్రేకు ఒక్కటే వెలిగినప్పుడు అందులో పోయేది 1.75 ఆంపియర్లు. రాత్రి పార్కింగూ ఇండికేటరూ కలిస్తే దాదాపు 4. ఎర్త్ జాయింటులో చిలుము పట్టి ఒక్క ఓమ్ నిరోధం చేరిందనుకోండి. బ్రేకు ఒక్కటే ఉంటే బల్బుకి 12కి బదులు పదిన్నర వోల్టులు అందుతాయి. మూడూ కలిస్తే 9 వోల్టులు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీ కన్నా చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ 10% తగ్గితే వెలుగు సుమారు 30% పోతుంది, 9 వోల్టుల దగ్గర 40% కూడా మిగలదు. పగలు బాగుండి రాత్రి మసకబారడానికి కారణం ఇదే. ఇండికేటరు వెలిగిన ప్రతిసారీ ఎర్త్‌లో వోల్టేజీ ఇంకాస్త ఖర్చయి బ్రేక్ లైటు తగ్గుతుంది, ఆరగానే మళ్లీ పెరుగుతుంది. మీకు కొట్టుకుంటున్నట్టు కనిపించేది అది.

చూసే పద్ధతి: మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఆ వైపు లైట్లన్నీ వేయండి, బ్రేకు పెడల్‌ని ఒకరు తొక్కి పట్టుకోవాలి. బల్బు హోల్డరు ఎర్త్ పిన్నుకి ఒక ప్రోబు, బ్యాటరీ మైనస్‌కి ఇంకోటి. ప్రోబు వైరు అంత దూరం చాలకపోతే మామూలు వైరు ముక్క కలపండి. కొలిచేటప్పుడు అందులో కరెంటు దాదాపు పోదు కాబట్టి లెక్క మారదు. 0.1 వోల్టు లోపు వస్తే ఎర్త్ శుభ్రం. 0.2 దాటితే అనుమానం. అర వోల్టు దాటితే లోపం దొరికినట్టే.

ఓమ్‌ల దగ్గర పెట్టి చూసి ఎర్త్ బాగుందనుకోవద్దు. ఆ కొలతలో మీటరు పంపేది చిటికెడు కరెంటు. సగం తెగిన వైరు, చిలుము పట్టిన జాయింటు దానికి దారి ఇస్తాయి, 4 ఆంపియర్లు వచ్చేసరికి మొరాయిస్తాయి. లైటు వెలుగుతుండగా కొలిచిందే నమ్మాలి.

మీటరు లేకపోతే ఒక వైరు ముక్కతో హోల్డరు ఎర్త్ పిన్నుని డిక్కీలో రంగు లేని బోల్టుకి తాకించండి. వెంటనే వెలుగు పెరిగితే అనుమానం తీరిపోయినట్టే.

డిక్కీ_తాళం:

పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు. దానికి ముందు ఒక్క నిమిషం పనికొచ్చే పని ఉంది: కొత్త బల్బు సరైనదేనా చూడండి.

రెండు ఫిలమెంట్ల పి21/5డబ్ల్యూ బల్బుకి అడుగున రెండు సీసపు చుక్కలుంటాయి, పక్కన ఉన్న రెండు పిన్నులు ఒకటి ఎత్తులో ఒకటి కిందుగా ఉంటాయి. ఒకే ఫిలమెంటు ఉండే పి21డబ్ల్యూకి అడుగున ఒక్క చుక్కే, పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. నారింజ రంగు ఇండికేటరు బల్బు పీవై21డబ్ల్యూకి పిన్నులు ఎదురెదురుగా ఉండవు, 150 డిగ్రీల కోణంలో ఉంటాయి. ఇవి ఒకదాని చోట ఒకటి పట్టకూడదనే అలా చేశారు. హోల్డరు పాతబడి వదులైతే మాత్రం బలవంతంగా నొక్కి తిప్పితే పట్టేస్తాయి. ఒక్క చుక్క బల్బు రెండు చుక్కల హోల్డరులో పడితే రెండు కాంటాక్టులూ కలిసిపోతాయి. అప్పుడు బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లు, డ్యాష్‌బోర్డు వెలుగు కూడా వస్తాయి. ఎర్త్ పోయినప్పుడు కూడా దాదాపు ఇలాంటి వేషాలే కనిపిస్తాయి కాబట్టి ముందు బల్బు తీసి అడుగు చూడటం మేలు.

అలాగే హోల్డరులో స్ప్రింగు రేకులు చూడండి. అవి పైకి లేచి ఉండాలి. వేడికి మెత్తబడి అణిగిపోతే బల్బు తగిలీ తగలనట్టు ఉంటుంది, గుంతలో పడితే ఆరిపోతుంది, డిక్కీ గట్టిగా వేస్తే వెలుగుతుంది. చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెం పైకి ఎత్తొచ్చు. చుట్టూ ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగినా, మెత్తగా కరిగినట్టున్నా ఎత్తి లాభం లేదు, మళ్లీ అణుగుతుంది. ఆ హోల్డరు పలకే మార్చాలి. చాలా కార్లలో ఆ పలక విడిగా దొరుకుతుంది, ల్యాంపు మొత్తం కొనక్కర్లేదు.

మలుపు_చూపు:

బల్బు అడుగున రెండు చుక్కలున్నాయి, పిన్నులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. హోల్డరు పలక మీద ఎర్త్ పిన్ను దగ్గర కొంచెం పచ్చగా ఉంది. ప్లాస్టిక్కు కరగలేదు. మీటరు పెట్టి చూసి రాస్తాను. ఈలోగా ఒక ప్రశ్న: లైటు ఇంత మసకగా ఉంటే డ్యాష్‌బోర్డు ఎందుకు చెప్పలేదు?

సర్క్యూట్_చదువరి:

కారు కంప్యూటరు చూసేది వెలుగుని కాదు, ఆ వైరులో పోయే కరెంటుని. బల్బు మాడితే కరెంటు సున్నా, హెచ్చరిక వస్తుంది. ఎర్త్ బలహీనపడితే కరెంటు కొంత తగ్గుతుంది గానీ ఆగిపోదు. కాబట్టి దానికి అంతా బాగున్నట్టే. ల్యాంపు అద్దం మసకబారినా, మీద మట్టి పేరుకున్నా, హెడ్‌లైటు ఆకాశంలోకి చూస్తున్నా అంతే. చాలా కార్లలో కొన్ని బల్బుల మీదే ఈ నిఘా ఉంటుంది. నంబరు ప్లేటు లైటుని వదిలేసే కార్లు ఎన్నో. అందుకే, హెచ్చరిక రాలేదు కాబట్టి నాకు తెలియదు అనే మాట జరిమానా దగ్గర నిలబడదు.

కంప్యూటరు నడిపే లైట్ల మీద పని చేసేవాళ్లకి ఇంకో రెండు మాటలు. అలాంటి వైరు మీద మీటరు పెడితే ఒక్కోసారి 5, 6 వోల్టులే చూపిస్తుంది. అది లోపమే కానక్కర్లేదు. ఒకే ఫిలమెంటుని పార్కింగుకి తక్కువగా, బ్రేకుకి పూర్తిగా వెలిగించడానికి కంప్యూటరు కరెంటుని సెకనుకి వందసార్లో రెండు వందల సార్లో ఆపుతూ వదులుతూ ఉంటుంది. మీటరు దాని సగటు చూపిస్తుంది. రెండో మాట, హోల్డరులో షార్టు అయితే చాలా కార్లలో ఫ్యూజు పోదు, కంప్యూటరే ఆ దారి మూసేస్తుంది. షార్టు సరిచేసి తాళం ఆపి మళ్లీ వేస్తే తెరుచుకుంటుంది. కొన్ని మోడళ్లలో షార్టుల లెక్క ఒక హద్దు దాటితే శాశ్వతంగా మూసేస్తుంది, స్కానర్ పెట్టి తెరవాల్సిందే. కాబట్టి లైటు వేసి ఉండగా బల్బు పీకడం, స్క్రూడ్రైవరుతో కెలకడం వద్దు. ఆపి తీయండి.

కాగితం_కలం:

జరిమానా వైపు నుంచి.

చట్టం చోటుని బట్టి మారుతుంది గానీ, పోలీసులు ఇచ్చే కాగితం ఎక్కడైనా దాదాపు రెండు రకాలే. ఒకటి నేరుగా జరిమానా. రెండోది మరమ్మతు నోటీసు: ఇన్ని రోజుల్లో బాగుచేయించి చూపించు, చూపిస్తే జరిమానా లేదు లేదా తగ్గుతుంది. మీ కాగితం ఏదో ముందు తేల్చుకోండి. కట్టేస్తే చాలా చోట్ల తప్పు ఒప్పుకున్నట్టే లెక్క, ఆ తర్వాత అభ్యంతరం చెప్పే దారి మూసుకుపోతుంది. అలాగని ఊరికే పక్కన పెట్టేస్తే గడువు దాటి మొత్తం పెరుగుతుంది. గడువు తేదీ, ఎవరికి చూపించాలి, ఏం చూపించాలి అన్న మూడూ కాగితం మీదో వెనక పక్కో ఉంటాయి.

ఏ లైటని రాశారో అక్షరం అక్షరం చదవండి. ఎడమ, కుడి అనేవి కారులో కూర్చున్నవాళ్ల వైపు నుంచి లెక్కించాలి, ఎదుట నిలబడ్డవాళ్ల వైపు నుంచి కాదు. ముందు వైపు లైట్లలో ఈ తికమక ఎక్కువ. వెలగలేదు అని రాశారా, మసకగా ఉంది అని రాశారా, రంగు తప్పు అని రాశారా అన్నది కూడా చూడాలి. ఒక్కోదానికి ఒక్కో నిబంధన వర్తించవచ్చు.

బాగుచేశాక ఆధారం ఇలా పెట్టుకోండి: నంబరు ప్లేటు కనిపించేలా దూరం నుంచి మొదలుపెట్టి, పార్కింగ్ లైట్లు, బ్రేకు, ఇండికేటరు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ ఆపకుండా ఒకే వీడియో. తేదీ ఉన్న బిల్లు మీద కారు నంబరు, ఏ వైపు ఏం మార్చారు అన్నది రాయించుకోండి. బల్బు బిల్లు ఒక్కటే ఉంటే అది ఏ కారుకి కొన్నారో దాన్నిబట్టి తెలియదు. ఫోను వీడియోలో ఎల్ఈడీ లైట్లు మిణుకుమిణుకుమంటాయి, కంటికి మామూలుగానే ఉంటాయి. ఆ మిణుకు చూసి లోపం ఉందనుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఎల్ఈడీ ఉన్న కారుకి వీడియోతోపాటు విడిగా ఫోటోలు కూడా తీసి ఉంచండి.

దారిలో ఆపినప్పుడే బల్బు మార్చి చూపిస్తే వదిలేసే వీలు కొన్ని చోట్ల ఉంది. దానికోసం డిక్కీలో పి21/5డబ్ల్యూ ఒకటి, పి21డబ్ల్యూ ఒకటి, పీవై21డబ్ల్యూ ఒకటి, డబ్ల్యూ5డబ్ల్యూ రెండు, మీ హెడ్‌లైటు బల్బు ఒకటి, ఫ్యూజులు నాలుగైదు ఉంచుకుంటే చాలు. ఏవి కావాలో కారు పుస్తకంలో చూసి తీసుకోండి, కారు కారుకీ మారుతుంది.

పక్క_అద్దం:

ఇదే చర్చలో అడుగుతున్నాను, క్షమించాలి. వెనక పైకి తెరుచుకునే పెద్ద తలుపున్న కారు. నంబరు ప్లేటు లైట్లు రెండూ ఒకసారి వెలుగుతాయి, ఒకసారి వెలగవు. దానికీ జరిమానా ఉంటుందని విన్నాను. బల్బులు రెండూ బాగున్నాయి.

డిక్కీ_తాళం:

రెండూ ఒకేసారి వస్తూ పోతూ ఉంటే వైరు తెగింది. తలుపుకీ బాడీకీ మధ్య, పై కీలు దగ్గర ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అందులోని వైర్లు ఒకే చోట మడతపడతాయి. ఏళ్లు గడిచేసరికి లోపలి రాగి తెగుతుంది, పైన ప్లాస్టిక్కు మాత్రం బాగానే కనిపిస్తుంది. లైట్లు వేసి తలుపుని మెల్లగా పైకీ కిందకీ కదపండి. మధ్యలో ఎక్కడో వెలిగి ఆరితే అదే. మూడో బ్రేక్ లైటు, వెనక వైపరు, రివర్స్ కెమెరా కూడా అదే గొట్టంలోంచి పోతాయి కాబట్టి అవీ మొరాయిస్తుంటాయి.

గొట్టం రెండు చివరలూ ఊడదీసి వైర్లు ఒక్కొక్కటీ మెల్లగా లాగండి. తెగినది రబ్బరులా సాగుతుంది. ఒకటి తెగిందంటే పక్కవి కూడా అంచున ఉన్నట్టే. అతుకు మడతపడే చోట వేయకూడదు. పాత ముక్క మొత్తం తీసేసి, సన్న పోగుల సిలికాన్ తొడుగు వైరు ఓ 25, 30 సెంటీమీటర్లు వేసి, అతుకులు గొట్టానికి అవతల తలుపు లోపల ఒకటి, బాడీ లోపల ఒకటి వచ్చేలా చూడాలి. అన్ని అతుకులూ ఒకే చోట పడితే లావై గొట్టంలో పట్టవు, ఒక్కొక్కటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూగా వేయండి. పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం. ఊరికే టేపు చుడితే ఎండకి జారిపోతుంది.

తెల్లకాంతి:

మొదటి ప్రశ్నకి నా సలహా: మసకగా ఉంటే ఆ బల్బు చోట ఎల్ఈడీది వేసేయండి. కరెంటు తక్కువ లాగుతుంది కాబట్టి ఎర్త్ బలహీనంగా ఉన్నా పనిచేస్తుంది, వెలుగు కూడా ఎక్కువ.

ఎర్త్_వైరు:

దయచేసి అలా చేయకండి. కరెంటు తక్కువ లాగుతుందన్నది నిజమే, ఇబ్బంది కూడా దానితోనే. ఎర్త్‌లో లోపం అలాగే ఉండి కనిపించకుండా పోతుంది. అదే ఎర్త్ మీద ఉన్న ఇండికేటరూ రివర్స్ లైటూ ఒక్కొక్కటే మసకబారుతూ వస్తాయి.

సర్క్యూట్_చదువరి:

తెల్లకాంతి గారూ, ఎర్త్ సంగతి పక్కన పెట్టినా ఎల్ఈడీతో వేరే చిక్కులున్నాయి.

ఒకటి, బ్రేకుకీ పార్కింగుకీ మధ్య తేడా. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 7వ నిబంధన ప్రకారం బ్రేక్ లైటుకి నడిమధ్యన కనీసం 60 కాండెలాలు (వెలుగు తీవ్రతకి కొలత), వెనక పార్కింగ్ లైటుకి కనీసం 4 కాండెలాలు ఉండాలి. ఈ పెద్ద తేడా వల్లే వెనకవాడికి రాత్రి మీరు బ్రేకు తొక్కారని తెలుస్తుంది. చౌక ఎల్ఈడీ బల్బుల్లో రెండింటి మధ్యా తేడా మూడింతలో నాలుగింతలో ఉంటుంది. బ్రేకు తొక్కినా వెనకవాడికి పార్కింగ్ లైటు కాస్త పెరిగినట్టు అనిపిస్తుందంతే.

రెండు, ల్యాంపు లోపలి అద్దం ఆకారం ఫిలమెంటు ఎక్కడుంటుందో దాన్ని పట్టి చేసింది. ఎల్ఈడీ చుక్కలు వేరే చోట ఉంటాయి కాబట్టి వెలుగు వెదజల్లే తీరు మారిపోతుంది. ఎదురుగా నిలబడి చూస్తే కళ్లు జిగేల్మంటాయి, పక్కకి పది అడుగులు వేసి చూడండి, ఏమీ కనిపించదు.

మూడు, ల్యాంపు అద్దం మీద వృత్తంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ ఆమోదం లోపల ఏ రకం బల్బు ఉంటుందో దానితో కలిపి ఇచ్చింది. పక్కన అక్షరాలు కూడా చదవొచ్చు: ఎస్1 బ్రేకు, ఎస్3 మధ్యలోని మూడో బ్రేకు, ఆర్1 వెనక పార్కింగు, 2ఏ వెనక ఇండికేటరు, ఏఆర్ రివర్సు. హెడ్‌లైటు మీద హెచ్‌సీఆర్ అని ఉంటే హాలోజెన్, లో బీమ్, హై బీమ్ రెండూ అని. ఆ హాలోజెన్ ల్యాంపులో ఆమోదం లేని ఎల్ఈడీ పెడితే, తనిఖీ చేసే మనిషి అద్దం మీది అక్షరాలు చదివి లోపల కాంతి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

తెల్లకాంతి:

బ్రేక్ లైటు సంగతి అర్థమైంది. మరి ఇండికేటర్లకి వేస్తే వేగంగా కొట్టుకుంటున్నాయి, దానికి రెసిస్టరు పెట్టమంటున్నారు. అది సరైనదేనా?

సర్క్యూట్_చదువరి:

ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. బల్బు మాడితే కరెంటు తగ్గి వేగం పెరిగేలా చేశారు, డ్రైవరుకి తెలియాలని. ఎల్ఈడీ తక్కువ లాగడంతో కారు బల్బు మాడిందనుకుంటుంది. సాధారణంగా అమ్మే రెసిస్టరు 6 ఓమ్‌లు, 50 వాట్లు. ఇంజను తిరుగుతున్నప్పుడు 13.8 వోల్టుల దగ్గర అందులో 32 వాట్ల వేడి పుడుతుంది. సగం సమయం ఆరి ఉన్నా, హజార్డు లైట్లు పావుగంట వేస్తే చేయి పెట్టలేరు. ప్లాస్టిక్కుకి, వైర్ల కట్టకి ఆనించి టేపు చుడితే కరిగిపోతాయి. పెట్టాల్సి వస్తే రేకు బాడీకి స్క్రూతో బిగించాలి. ఇండికేటరుని కొట్టించే ఫ్లాషరు రిలే విడిగా ఉన్న పాత కార్లలో రెసిస్టరు వద్దు, ఎల్ఈడీకి పనికొచ్చే రిలే మార్చడం శుభ్రమైన దారి. ఇంకో సంగతి, రెసిస్టరు పెట్టాక ఎల్ఈడీ నిజంగా మాడినా కారుకి తెలియదు.

గాజు_దీపం:

ఒక హెడ్‌లైటే వెలుగుతోందని జరిమానా పడే వాళ్లే ఎక్కువ, దాని గురించి కూడా ఇక్కడ ఉండాలి.

రెండు లో బీమ్‌లూ ఒకేసారి పోయాయని అనిపిస్తే ముందు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), లైటు స్విచ్ చూడండి. ఎడమకీ కుడికీ ఫ్యూజులు వేరుగా ఉండే కార్లే ఎక్కువ, ఒక ఫ్యూజు పోతే ఒక వైపే పోతుంది. ఫ్యూజు రంగులు: 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు. పోయినచోట పెద్దది వేస్తే కాలేది వైరే.

బల్బు మాడిన తీరు కూడా కారణం చెబుతుంది. ఫిలమెంటు తెగి గాజు శుభ్రంగా ఉంటే ఆయుష్షు తీరింది. గాజు లోపల తెల్లటి బూడిదలాంటి పొర ఉంటే గాలి చొరబడింది, అంటే గాజు చిట్లింది. ల్యాంపులోకి నీళ్లు వస్తున్నాయేమో చూడండి. వేసిన బల్బు వేసినట్టే త్వరగా మాడుతుంటే ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ కొలవండి. వోల్టేజీ 5% పెరిగితే బల్బు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. 15 దాటుతుంటే ఆల్టర్నేటరు రెగ్యులేటరు పాడైనట్టు, బల్బులు మార్చుకుంటూ పోతే ఆ ఖర్చు ఆగదు.

హాలోజెన్ గాజుని వేళ్లతో ముట్టకండి. చేతి జిడ్డు వేడికి కాలి గాజు మీద ఒకచోట ఎక్కువ వేడి నిలుస్తుంది, అక్కడే పగులుతుంది. ముట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి వేయండి. రెండు వైపులా ఒకేసారి మార్చండి, ఒకటి పోయిందంటే రెండోది కూడా అంతే తిరిగింది.

హెచ్4 (హై బీమ్‌కీ లో బీమ్‌కీ కలిపి ఒకటే బల్బు) వాడే కార్లలో 60/55 వాట్ల బల్బు చోట 100/90 వేసేవాళ్లున్నారు. లో బీమ్ కరెంటు 4.6 ఆంపియర్ల నుంచి 7.5కి పోతుంది. ఆ సాకెట్టు, ఆ స్విచ్ దానికి చేసినవి కావు. సాకెట్టు కరుగుతుంది, ఎదుటివాడి కళ్లలో వెలుగు పడుతుంది, జరిమానా విడిగా. పాత వైరింగులో మసకగా ఉంటే అదే 55 వాట్ల బల్బుకి రిలే వైరింగు వేయండి: 30వ పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు, 87 నుంచి బల్బుకి, 85, 86 పిన్నులకి పాత హెడ్‌లైటు వైరూ ఎర్తూ. పోయిన వోల్టు తిరిగి వస్తేనే పెద్ద తేడా కనిపిస్తుంది.

మార్చాక దిశ చూడటం మర్చిపోవద్దు. హెచ్4, హెచ్7 బల్బులు చట్రంలో సరిగ్గా కూర్చోకపోతే లో బీమ్ పైకి పోతుంది. చదునైన నేల మీద గోడకి 10 మీటర్ల దూరంలో ఆపండి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి, ఎత్తు సర్దే చక్రం సున్నా మీద ఉండాలి. హెడ్‌లైటు దగ్గర 1.0% అని చిన్న గుర్తు ఉంటుంది. అంటే 10 మీటర్ల దగ్గర వెలుగు అంచు హెడ్‌లైటు మధ్య ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు కిందుండాలి. గుర్తు 1.2% అయితే 12 సెంటీమీటర్లు.

పక్క_అద్దం:

హెడ్‌లైటు అద్దం పసుపెక్కింది, వాటర్ పేపరు పెట్టి రుద్దితే చాలా?

గాజు_దీపం:

చాలదు. 1000 నంబరు పేపరుతో మొదలుపెట్టి 1500, 2000, 3000 వరకు తడి చేసుకుంటూ రుద్ది, పాలిష్ పెట్టాక యూవీ పూత తప్పనిసరి. కంపెనీ పూతను మీరు రుద్ది తీసేశారు కాబట్టి కొత్తది వేయకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. పగుళ్లు లోపలి వైపు ఉంటే రుద్దినా పోవు.

కాగితం_కలం:

లోపం కాకపోయినా లోపంలా కనిపించేవి కొన్ని ఉన్నాయి. ఆపినప్పుడు మర్యాదగా చెప్పి, కారు పుస్తకంలో ఆ పేజీ చూపించడానికి పనికొస్తాయి.

వెనక ఫాగ్ లైటు చాలా కార్లకి ఒక్కటే ఉంటుంది, అది రోడ్డు మధ్య వైపున ఉంటుంది. రివర్స్ లైటు కూడా ఒక్కటే ఉన్న కార్లున్నాయి. ఈ రెండింటికీ ఒక్కటి ఉంటే చాలని అంతర్జాతీయ నిబంధనలే ఒప్పుకుంటాయి. పగటి లైటు (పగలు దానంతటదే వెలిగే ముందు లైటు) ఉన్న కార్లలో ఇండికేటరు వేస్తే ఆ వైపు పగటి లైటు ఆరడమో తగ్గడమో జరుగుతుంది, ఇండికేటరు స్పష్టంగా కనిపించాలని. మలుపులో ముందు ఫాగ్ లైటు ఒక వైపే వెలిగే కార్లు ఉన్నాయి. తాళం తీశాక ఇండికేటరు కాడ ఒక వైపుకి ఉండిపోతే ఆ వైపు పార్కింగ్ లైట్లు మాత్రమే వెలిగే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని గమనించకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

దీనికి తిరగేసిన సంగతి ఒకటుంది, ఇది నిజంగా ప్రమాదం. పగటి లైట్లు చాలా కార్లలో ముందు వైపే వెలుగుతాయి. డ్యాష్‌బోర్డు ఎప్పుడూ వెలిగి ఉండటంతో డ్రైవరుకి లైట్లు వేసే ఉన్నాయనిపిస్తుంది, వెనకంతా చీకటి. ఆటో సెన్సరు చూసేది చీకటిని మాత్రమే. పగటి పొగమంచులో, వానలో అది లైట్లు వేయకపోవచ్చు. అప్పుడు చేత్తో వేయాల్సిందే. ఈ లోపానికి ఏ బల్బు మార్చినా మందు లేదు.

మలుపు_చూపు:

కొలిచాను. లైట్లన్నీ వేసి బ్రేకు తొక్కితే హోల్డరు ఎర్త్ దగ్గర 1.9 వోల్టులు వస్తోంది. డిక్కీలో ఎడమ పక్క అట్ట ఊడదీస్తే ఎర్త్ బోల్టు దొరికింది. రింగు టెర్మినలు కింద తుప్పు, అడుగున తడి. బోల్టు విప్పి, రింగూ బాడీ రేకూ మెరిసేదాకా గీకి బిగిస్తే 0.06కి దిగింది. రాత్రి చూస్తే కుడి వైపుతో సమానంగా వెలుగుతోంది, ఇండికేటరుతో కొట్టుకోవడం ఆగింది. కాగితం మరమ్మతు నోటీసే, వీడియో తీసి పెట్టాను. బోల్టు మీద గ్రీజు రాయాలా?

ఎర్త్_వైరు:

బిగించాక పైన రాయండి, రింగుకీ రేకుకీ మధ్య కాదు. పెట్రోలియం జెల్లీ అయినా సరిపోతుంది. హోల్డరు ఎర్త్ పిన్ను మీది పచ్చ చిలుము కూడా సన్న బ్రష్షుతోనో కాంటాక్ట్ క్లీనరుతోనో తీసేయండి. గీకిన చోట చుట్టూ రేకు బయటపడి ఉంటే రంగు పూయండి.

తడి ఎక్కడిదో పట్టుకోకపోతే మళ్లీ ఇదే చోటికి వస్తారు. ఒకరు డిక్కీలో టార్చితో కూర్చోవాలి, ఇంకొకరు బయటినుంచి నీళ్లు పోయాలి. మొదట ల్యాంపు కింది అంచు దగ్గర మెల్లగా ఐదు నిమిషాలు, తర్వాత ల్యాంపు పై అంచు, ఆఖర్న తలుపు రబ్బరు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా తడిపి ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ల్యాంపు వెనక స్పాంజి గాస్కెట్టు అణిగిపోయి ఉంటే సిలికాన్ పూసి సరిపెట్టకుండా కొత్త గాస్కెట్టు వేయండి. సిలికాన్ కొనాల్సి వస్తే పుల్లటి వెనిగరు వాసన వచ్చే రకం వద్దు, ఆ ఆమ్లం రాగినీ రేకునీ తింటుంది. ల్యాంపు నట్లు కూడా ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకుండా, అన్నీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. లేదంటే గాస్కెట్టు ఒక మూల లేచి అక్కడినుంచే కారుతుంది.